గేదెకు మాత్రమే చెప్పవలసిన సంగతి

ప్రభుత్వం ఏ పనీ ఆలోచించకుండా చెయ్యదు. ఒక్కోసారి ముందు చేసి తర్వాత ఆలోచిస్తుంది, అది వేరే సంగతి. అందుకే పశు రోగి గోప్యతా నిబంధనలు వచ్చినప్పుడు మా తాటిమెట్టలో నవ్వినవాళ్లందరినీ నేను కోప్పడ్డాను. నేను నడిపే పాలకేంద్రం పశువుల ఆసుపత్రికి ఎదురుగానే ఉంది. ఆసుపత్రిలో ఏం జరుగుతోందో చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం కాదు. కానీ ఉద్యోగం కంటే ఎక్కువ శ్రద్ధగా చేశాను.

ఆ నిబంధనలు ఊరికే పుట్టలేదు. రాజధానిలో ఒక పెద్దాయన ఇంటి కాపలా కుక్క పిల్లిని చూస్తే మంచం కిందికి దూరడం మొదలుపెట్టిందట. డాక్టరు చూసి, దీనికి పిరికితనం అనే జబ్బు పట్టుకుందన్నాడు. ఆ మాట వంటవాడి చెవిన పడింది. వంటవాడి నుంచి కూరగాయల బజారుకు చేరింది. ఆ వారమే ఆ ఇంట్లో దొంగలు పడ్డారు. పెద్దాయన మండిపడ్డాడు. ఆయన మండిపడితే మామూలుగా ఎవరో ఒక గుమస్తాకి బదిలీ అయ్యేది. ఈసారి మాత్రం రాష్ట్రంలో ఉన్న గొడ్డూ గోదా, కోడీ కుక్కా అన్నిటికీ కలిపి నిబంధనలు వచ్చాయి.

"రోగి యొక్క వ్యాధి వివరములును, చికిత్సా సలహాలును రోగికి తప్ప అన్యులకు వినబడునట్లుగాని, కనబడునట్లుగాని వెల్లడింపరాదు" అని మొదటి నిబంధన. మా డాక్టరు వల్లభరావు చిన్నవాడు, మంచివాడు, పై కాగితమంటే భయమున్నవాడు. గేదె విషయంలో దాని యజమాని అన్యుడా కాదా అని ఆయన పైకి రాసి అడిగాడు. మందులు అడిగితే నెలలు పట్టే మా శాఖలో దీనికి మాత్రం వెంటనే జవాబొచ్చింది. "కుక్క గుట్టు బయటపడినది ఆ యింటివారి వలననే గనుక, యజమాని అన్యులలోకెల్లా ప్రథముడు."

మా ఆసుపత్రి గోడ మీద అక్కడ చేసే పనులన్నీ రాసి ఉంటాయి. గాలికుంటుకి టీకా, గొర్రెలకి నట్టల మందు, ఆవులకీ గేదెలకీ ఎద సూది, కోళ్లకి కొక్కెర తెగులు మందు, కుక్కలకి పిచ్చి రాకుండా సూది. వాటి కింద కొత్తగా "ఏకాంత సంప్రదింపు సౌకర్యము కలదు" అని రాయించారు. వరండా చివరి గదికి ఆకుపచ్చ తెర కట్టారు. మొదట లోపలికి వెళ్లిన రోగి ఒక మేక. డాక్టరుగారు దాని చెవిలో వివరాలన్నీ చెబుతూ ఉండగానే అది తెరలో ఒక మూల తినేసింది. వారం తిరిగేసరికి సగం తెర మిగిలింది. తెర చినిగినందువల్ల గోప్యత ఎంత మేరకు భంగపడిందో కొలిచి పంపమని పైనుంచి ఉత్తరం వచ్చింది.

మర్నాడు ఎర్రునాయుడు తన ఆవుని తోలుకొచ్చాడు. ఎద సూది వేయించి మూడు నెలలు దాటింది. డాక్టరుగారు చేతికి రబ్బరు తొడుగు వేసుకుని పరీక్ష చేశాడు, ఆవుని గదిలోకి తీసుకెళ్లి ఏదో చెప్పాడు, బయటికొచ్చి చేతులు కడుక్కున్నాడు.

"సూడి కట్టినాదేటి బాబూ?" అన్నాడు ఎర్రునాయుడు.

"అది ఆమె వ్యక్తిగత విషయం" అన్నాడు డాక్టరు.

"నాను దాని ఆసామిని కదా బాబూ!"

"ఆసామికైతే మరీ చెప్పకూడదు."

"మరి నాకెప్పుడు తెలుస్తాది?"

"ఈనినప్పుడు."

ఎర్రునాయుడు ఆవు ముఖంలోకి చాలాసేపు చూశాడు. అది చెప్పలేదు. నిబంధన ఎంత బాగా పనిచేస్తోందో అప్పుడే నాకు అర్థమైంది. ఇంకొకామె కోడిని తెచ్చింది. నాలుగు రోజులు తక్కిన కోళ్లకి దూరంగా ఉండమని, గంజి మాత్రమే తాగమని డాక్టరుగారు ఆ కోడికి చక్కగా నచ్చజెప్పాడు. జబ్బేమిటో తెలియని ఆ ఇల్లాలు, పోయేదెలాగూ పోతుందని సాయంత్రానికి కోసి కూర వండేసింది. "రోగికి సలహా పాటించు అవకాశము లభించలేదు" అని డాక్టరుగారు రిపోర్టులో రాశాడు.

ఇంతవరకూ నవ్వులాటగానే నడిచింది. తర్వాత అసిరమ్మ గేదె ఈనింది.

అసిరమ్మ మా పాలకేంద్రానికి రోజూ అందరికంటే ముందొచ్చే మనిషి. మొగుడు లేడు. కూతురు పట్నంలో నర్సు చదువు చదువుతోంది. ఆ ఇంట్లో సంపాదించేది మాలచ్చి ఒక్కతే. మాలచ్చి అంటే ఆమె గేదె. చెంబెడు ఎక్కువిచ్చే గేదె గనక ఊళ్లో అందరి కళ్లూ దానిమీదే. మా వైపు గేదె ఈనితే వీధి వీధంతా జున్ను పంచాలి. పంచకపోతే దిష్టి, తక్కువ పంచితే మాట. పైగా మొదటి పాలు చుక్క మిగలకుండా పిండెయ్యాలని, లేకపోతే పొదుగు గడ్డకడుతుందని అసిరమ్మకి అత్తగారు నేర్పింది. అసిరమ్మ అలాగే పిండింది. జున్ను మా ఇంటికీ వచ్చింది. బెల్లం, మిరియాలు సరిగ్గా పడ్డాయని నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు మాలచ్చి పడిపోయింది. మెడ పక్కకి తిప్పి డొక్కమీద ఆనించుకుని పడుకుంది, చెవులు చల్లబడిపోయాయి, ఎంత అదిలించినా లేవలేదు. అసిరమ్మ పరుగెత్తుకొచ్చి డాక్టరుగారిని తీసుకెళ్లింది. నేనూ వెనకాలే వెళ్లాను. డాక్టరుగారు ఒక్క చూపు చూసి, మెడ నరానికి సూది గుచ్చి, పెద్ద సీసా మందు నెమ్మదిగా ఎక్కించాడు. సీసా అయ్యేసరికి మాలచ్చి ఒళ్లు వణికింది. కాసేపటికి ఒక్క ఊపున లేచి నిలబడి, పేడ వేసి, దూడ కోసం అరిచింది. అసిరమ్మ డాక్టరుగారి కాళ్లమీద పడింది.

"నా తల్లికి ఏటైనాది బాబూ? ఇంక నానేటి సెయ్యాల?"

డాక్టరుగారు జేబులోని నిబంధన కాగితం తడుముకున్నాడు. "మీరంతా బయటికి వెళ్లాలి. అమ్మా, మీరు కూడా" అన్నాడు.

మేమంతా పాకలోంచి బయటికొచ్చి రోడ్డుమీద నిలబడ్డాం. లోపల డాక్టరుగారు మాలచ్చి చెవి దగ్గర వంగి చాలాసేపు గుసగుసలాడాడు. ఆయన ఏం చెప్పాడో అప్పుడు మాకెవరికీ తెలియదు. రెండు మూడు రోజులపాటు సగం పాలే పిండనివ్వమని గేదెకి చెప్పాడట. పొదుగంతా ఖాళీ చేస్తే ఒంట్లో సత్తువంతా పాలలోకి లాగేసుకుని మళ్లీ పడిపోతావు సుమా అని హెచ్చరించాడట. మాలచ్చి శ్రద్ధగానే విన్నదట.

సాయంత్రం అసిరమ్మ, జబ్బు చేసిన గేదె కదా అని, పొదుగులో పాలు గడ్డకట్టకూడదు కదా అని, ఇంకా జాగ్రత్తగా చుక్క లేకుండా పిండింది. తెల్లారేసరికి మాలచ్చి మళ్లీ కూలబడింది. డాక్టరుగారు మళ్లీ వచ్చాడు, మళ్లీ సీసా ఎక్కించాడు, మళ్లీ లేపాడు, మళ్లీ మమ్మల్ని రోడ్డుమీదికి తోలాడు. బయటికొచ్చినప్పుడు ఆయన ముఖం చూస్తే నాకు జాలేసింది. ఆసుపత్రిలో ఆ మందు ఇంక ఒక్క సీసాయే ఉందని నాతో మాత్రం చెప్పాడు. సీసా రోగి కాదు గనక దాని సంగతి చెప్పొచ్చు.

"నాకు సెప్పకపోతే ఎవులికి సెప్తారు బాబూ?" అని అసిరమ్మ ఏడ్చింది. "అది మాటాడతాదేటి? దానికి సెప్పిన మాట నాకెలగ తెలుస్తాది? ఇంకోపాలి పడితే నెగస్తాదా?"

అప్పుడే సంతలో గొడ్ల బేరాలు చేసే కూర్మయ్య గుంపులోంచి ముందుకొచ్చాడు. భుజంమీద తువ్వాలు దించి దులిపాడు.

"బాబూ, అన్యులకి వినబడకూడదు, కనబడకూడదు. అంతేనా మీ రూలు?"

"అంతే."

"మరి మా సంతలో బేరం అలగే కదా సేస్తాం! తువ్వాలు కింద సెయ్యి సెయ్యి పట్టుకుంటాం. ఏళ్లు నొక్కితే ధర. ఎవులికీ వినబడదు, కనబడదు. ఆ సెప్పాల్సిందేటో ఏళ్లతో సెప్పీయండి. నాను అందుకుని అసిరమ్మకి సెప్తాను."

డాక్టరుగారు నిబంధన కాగితం జేబులోంచి తీసి రెండుసార్లు చదివాడు. తువ్వాలు గురించి ఎక్కడా లేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. వెంటనే చెయ్యి చాపాడు.

కూర్మయ్య ఇద్దరి చేతులమీద తువ్వాలు కప్పాడు. పొదుగుకి నాలుగు చన్నులు గనక డాక్టరుగారు నాలుగు వేళ్లు నొక్కాడు. సగమే పిండాలి గనక వేళ్లని మధ్య కణుపు దగ్గరికి విరిచి మళ్లీ నొక్కాడు. అర్థమైందా అన్నట్టు అరచేతిని ఒక్కసారి గట్టిగా పిసికాడు. కూర్మయ్య చెయ్యి మీసం రాని వయసు నుంచీ తువ్వాలు కిందే బతికింది. ఆ చేతికి ధర తప్ప ఇంకో భాష రాదు. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. తువ్వాలు ఎగరేసి, "కుదిరిపోనాది!" అని అరిచాడు.

"ఏటి కుదిరింది?" అంది అసిరమ్మ.

"నీ గేదిని డాట్రుబాబు కొనీసినారే! సచ్చిపోయే గొడ్డుకి ఇంత ధర నీకు ఎవులిస్తారు? ఒప్పుకో, ఒప్పుకో!"

మా వైపు నలుగురిలో తువ్వాలు లేచిందంటే బేరం అయిపోయినట్టే. తండ్రి కొడుకుతో చేసినా వెనక్కి పోదు. డాక్టరుగారు "అది కాదయ్యా" అనబోయి ఆగిపోయాడు. ఆయన ముఖంలో ఏదో వెలిగింది. మారుమాట లేకుండా పర్సు తీసి బయానా ఇచ్చేశాడు. అసిరమ్మ డబ్బు కళ్లకద్దుకోలేదు. గేదె మెడ పట్టుకుని, "ఎక్కడున్నా బతకనీ బాబూ" అంది. నేను కళ్లు తుడుచుకున్నాను. ప్రభుత్వం అంటే ఎంత గౌరవమున్నా మనిషి మనిషే కదా.

కొన్న మరుక్షణం డాక్టరుగారు అసిరమ్మని పాలేరుగా పెట్టుకున్నాడు. గేదె అక్కడే ఉంటుంది, ఆమే చూస్తుంది, ఆమే పిండుతుంది. "ఇప్పుడు నేను ఆసామిని. ఆసామిగా చెబుతున్నాను. ఎల్లుండి దాకా సగమే పిండు, మిగతాది పొదుగులో వదిలెయ్" అన్నాడు. జబ్బు సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. ఆసామి పాలేరుకి పని చెప్పడాన్ని ఏ నిబంధనా కాదనదు.

అసిరమ్మ ఆయన్ని తేరిపార చూసింది. "ఈ మాట సెప్పడానికా బాబూ నా గేదిని కొనీసినావు?"

ఆ సాయంత్రం సగమే పిండింది. మర్నాడు మాలచ్చి పడలేదు. గడ్డి తింది, నెమరేసింది, దూడని నాకింది. వ్యవహారం అక్కడితో అయిపోవలసింది. కానీ ఉద్యోగి ఏ ఆస్తి కొన్నా పైవాళ్లకి తెలియజెయ్యాలి. మా డాక్టరుగారు నిజాయితీపరుడు, తాను ఒక గేదెను కొన్నానని ఫోనులో తెలియజేశాడు. నిజాయితీ వల్ల ఎప్పుడూ ఇంతే. అటువైపు ఎవరో ఆ గేదె పేరూ రోగి పేరూ ఒకటేనని కనిపెట్టారు. మధ్యాహ్నం కాకుండానే జీపులో గోప్యతా పర్యవేక్షణాధికారి పరాంకుశంగారు దిగిపోయారు. నల్లకళ్లద్దాలు, అల్లంత దూరానికే కొట్టే సెంటు, చంకలో ఫైలు. పాకలోనే కుర్చీ వేయించుకుని విచారణ మొదలుపెట్టారు.

"రోగి వివరములు యజమానికి తెలియరాదు. ఈ గేదె యజమాని ఎవరు?"

"నేనేనండి" అన్నాడు డాక్టరు.

"దాని వ్యాధి ఏదో మీకు తెలియునా?"

"తెలుసండి. నేనే కదా వైద్యం చేసింది."

"అనగా వైద్యుడైన మీరు యజమానియైన మీకు వెల్లడించినారు."

"లేదండి. నాకు ముందే తెలుసు."

"ఎవరు చెప్పిరి?"

డాక్టరుగారు ఆలోచించాడు. నేనూ ఆలోచించాను. నిజానికి చాలా పదునైన ప్రశ్న.

పరాంకుశంగారు నిట్టూర్చారు. "నిన్నటినుండి పాలు సగమే పిండుచున్నారట. విచారణ ముగియు వరకు యథాతథ స్థితి కొనసాగవలెను. తస్కరించబడిన సలహాతో రోగి లబ్ధి పొందరాదు. కావున ఈ పూట, ఏమియు తెలియనివారు ఏ విధముగా పిండెదరో ఆ విధముగానే, సంపూర్ణముగా పాలు పిండవలెను. మేము ప్రత్యక్షముగా పరిశీలించెదము."

డాక్టరుగారి ముఖం పాలిపోయింది. ఉన్నది ఒక్క సీసా. అసిరమ్మ గిన్నె కింద పడేసింది.

"అంతా పిండితే పడిపోతాది బాబూ! నా తల్లి సచ్చిపోతాది!"

"పడిపోవునన్న సంగతి నీకెట్లు తెలిసినది? అదియే ఇచట విచారణాంశము. పిండుము!"

ఆయనతో జీపులో వచ్చిన ఇద్దరు బంట్రోతులు గిన్నె తీసి ఆమె చేతికిచ్చారు. అసిరమ్మ ఏడుస్తూ మాలచ్చి డొక్కకి తల ఆనించి కూర్చుంది. పరాంకుశంగారు మోసం జరగకుండా కుర్చీ ముందుకు జరుపుకుని, పొదుగు మీదికి వంగి, కళ్లద్దాలు సర్దుకున్నారు. మాలచ్చి మెడ తిప్పి ఆయన్ని చూసింది. కళ్లద్దాలు చూసింది. సెంటు వాసన పీల్చింది. తోక బిగబట్టి కదలకుండా నిలబడింది.

కొత్త మనిషి దగ్గరుంటే గేదె చేపదు. పాలు పైకి బిగబట్టేసుకుంటుంది. పాడి ఉన్న ఇంట్లో పసిపిల్లలకి కూడా తెలుసు ఈ సంగతి. అసిరమ్మ నిజంగానే పిండింది, బంట్రోతులు పక్కనుండి చూశారు, గిన్నెలో సగానికి పాలొచ్చాక ఇంక ధార పడలేదు. పొదుగు నిండుగా వేలాడుతూనే ఉంది.

"ఇంకను ఉన్నట్లున్నదే?" అన్నారు పరాంకుశంగారు.

"ఉన్నాయి బాబూ. ఇవ్వట్నేదు."

"ఎవరి ఆజ్ఞ?"

"దాని సిత్తం బాబూ" అన్నాడు కూర్మయ్య.

పరాంకుశంగారు కుర్చీలోంచి మెల్లగా లేచారు. "డాక్టరుగారూ, ఏకాంతములో మీరు రోగికి ఇచ్చిన సలహా ఏమి? వద్దు, చెప్పకండి! నేను అన్యుడను. సగమే పిండనిమ్మని కాదు గదా?"

డాక్టరుగారు నోరు తెరవలేదు. తల మాత్రం అదేనన్నట్టు కొద్దిగా, కనబడీ కనబడనట్టు ఊపాడు.

"ఆహా! రోగి సలహాను స్వయముగా అర్థము చేసుకొని, స్వయముగా పాటించుచున్నది! మధ్యలో యజమాని ప్రమేయము లేనే లేదు!" ఆయన ఫైలు తెరిచి కలం తీశారు. "మొదటిసారి పాటించలేదందురా? మొదట్లో ఏ రోగి వైద్యుని మాట వినును? ఇది మన నిబంధనలకు రాష్ట్రములోనే ప్రథమ విజయము. మీ మీద అభియోగము రద్దు. ఈ కొనుగోలు కూడా రద్దు. గేదెను ఆమెకు తిరిగి అప్పగించుడు."

అసిరమ్మ చేతులు జోడించింది. బయానా కొంగులోంచి తీసి డాక్టరుగారి చేతిలో పెట్టేసింది.

"అయితే ఒకటి" అన్నారు పరాంకుశంగారు. "యజమాని మారినందున గోప్యత మరల మొదటినుండి వర్తించును. పాలేరుగా నీకు తెలిసినదేదైనను ఉన్నచో, యజమానిగా దానిని వినియోగింపరాదు, మరచిపోవలెను. డాక్టరుగారు రోగికి తుది సలహా ఇచ్చెదరు. అందరును బయటికి! నేనును బయటికే."

ఇదీ న్యాయం. ఆయన కూడా మాతోపాటు వచ్చి ఎండలో నిలబడ్డారు. బంట్రోతు వెనక్కి తిరిగి, "ఏమే, నువ్వు రావేం?" అన్నాడు.

"దూడ వొగ్గీసినాను బాబూ. తాగుతుండగా నాను నెగిస్తే ఇది తన్నేస్తాది" అంది అసిరమ్మ లోపల్నుంచి. గేదె డొక్క వెనకాల ఆమె అసలు కనబడడం లేదు. బంట్రోతుకి తన్నులంటే భయం గనక తలుపు దగ్గరికి లాగేశాడు.

ఇన్నాళ్లూ గుసగుసలాడిన డాక్టరుగారి గొంతు, ఆ పూట వీధి చివరిదాకా వినబడింది. కోపంతో ఒక్కో మాటా విడమరిచి చెప్పాడు.

"అమ్మా మాలచ్చీ, బాగా విను! నీకొచ్చింది పాలజ్వరం. ఎక్కువ పాలిచ్చేవాళ్లకే వస్తుంది. ఒంట్లో సున్నం చాలక పడిపోతావు. ఇంకో రెండు రోజులు సగమే. తర్వాత భయం లేదు. వచ్చే ఈతకి మళ్లీ రావచ్చు. అప్పుడు మొదటి రోజు నుంచే సగం పొదుగులో వదలాలి. చెవులు చల్లబడ్డాయంటే తెల్లారేదాకా ఆగకుండా నన్ను పిలవాలి. జున్ను తక్కువైతే తిట్టుకునేవాళ్లు తిట్టుకుంటారు, పట్టించుకోకు! అర్థమైందా తల్లీ?"

వీధిలో పాడి ఉన్న ఆడవాళ్లంతా గోడ పక్కన నిలబడి వింటున్నారు. నేను జున్ను తిన్న నోరు మూసుకుని నిలబడ్డాను.

పాకలోంచి ఏడుపు గొంతుతో జవాబొచ్చింది.

"అరదమైనాది బాబూ. సగమే ఇస్తాను."

పరాంకుశంగారి చేతిలో కలం ఆగిపోయింది. నల్లకళ్లద్దాలు తీసి నా వైపు తిరిగారు. "ఇది రోగి కంఠమేనా?"

నలభై ఏళ్లుగా ప్రభుత్వానికి ఎదురు చెప్పనివాణ్ని. ఇప్పుడూ చెప్పదలచుకోలేదు.

"దానిదేనండి" అన్నాను. "ఈనిన దగ్గర్నుంచీ కాస్త బొంగురుపోయింది."